మీ కుక్కకి జీతం ఎవరిస్తున్నారు?

(మన కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున ఒక పశువైద్యురాలు ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేసి, మిగతాది ఆవిడ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చివరి వరుసకి వినపడుతోందా? సరే.

లోపలికి వచ్చేటప్పుడు మీ సమస్యలు చీటీల మీద రాసిమ్మన్నాం కదా, అన్నీ చదివాను. మొరగడం, కొరకడం, ఇంట్లో ఉచ్చ పోయడం, వచ్చినవాళ్ళ మీద పడటం, చెప్పులు నమలడం, వాకింగ్‌కి తీసుకెళ్తే మనల్నే ఈడ్చుకుపోవడం. ఇవే. ఏ ఊళ్ళో అడిగినా ఇవే. ఒక్క చీటీ మాత్రం నాకు బాగా నచ్చింది. ఎవరు రాశారో చెప్పను, ఆయన నవ్వుతున్నారు కాబట్టి మీకే తెలిసిపోతుంది. 'నేను ఊరెళ్ళానన్న కోపంతో మా వాడు కావాలనే నా మంచం మీద పోశాడు. తప్పు చేశానని వాడికి తెలుసు. నన్ను చూడగానే తల దించుకుని మూలకి పోయాడు.'

ఇక్కడ ఎంతమంది ఇళ్ళలో కుక్క ఇలా తప్పు చేసిన ముఖం పెడుతుంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. ఇప్పుడు ఒక ప్రయోగం గురించి చెప్తాను. 2009లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 14 పెంపుడు కుక్కలతో చేశారు. యజమాని తన కుక్క ముందు బిస్కెట్ పెట్టి, తినొద్దని చెప్పి, గదిలోంచి బయటికి వెళ్ళాలి. ఆయన వెళ్ళాక ఒక్కోసారి కుక్కకి ఆ బిస్కెట్ ఇచ్చేసేవారు, ఒక్కోసారి ఇవ్వకుండా తీసేసేవారు. తిరిగొచ్చిన యజమానికి మాత్రం ప్రయోగం చేసేవాళ్ళు ఒక్కోసారి నిజం చెప్పేవారు, ఒక్కోసారి అబద్ధం చెప్పేవారు. తిన్నదని చెప్తే ఆయన తిడతాడు. మరి తప్పు చేసిన ముఖం ఎప్పుడు పెట్టాయి? తిన్నప్పుడు కాదు. తిట్టినప్పుడు! అసలు బిస్కెట్ ముట్టుకోకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ ముఖం ఇంకా ఎక్కువగా కనిపించింది.

అంటే ఏమిటి? అది పశ్చాత్తాపం కాదండీ. మీ ముఖం చూసి, మీ గొంతు విని, 'వద్దు బాబూ, కొట్టొద్దు' అని బతిమాలుకోవడం. మరి మంచం మీద ఎందుకు పోశాడు? పగ కాదు. ఒంటరిగా ఉండలేక టెన్షన్ పడే కుక్కలు యజమాని వాసన ఎక్కడ ఎక్కువగా ఉంటుందో అక్కడికే పోతాయి. మంచం, సోఫా, విప్పిన బట్టలు. ఆ విషయానికి మళ్ళీ వస్తాను. ముందు ఈ పగ, కావాలని చెయ్యడం, నన్ను లెక్కచెయ్యకపోవడం అనే మాటల్ని పక్కన పెట్టండి. వాటితో ఆలోచించినంతసేపు సమస్య మీకు కనపడదు. కోపమే కనపడుతుంది.

మరి దేంతో ఆలోచించాలి? ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పని చేస్తే దీనికి జీతం ఎవరిస్తున్నారు? మనలో ఎవరైనా జీతం లేకుండా నెలల తరబడి ఆఫీసుకి వెళ్తారా? కుక్క కూడా వెళ్ళదు. అది రోజూ ఒక పని చేస్తోందంటే ఎక్కడో జీతం పడుతోంది. ఇచ్చేది చాలాసార్లు మీరే.

మీద పడటం తీసుకోండి. మీరు ఆఫీసునుంచి వస్తారు. కుక్క ఎగిరి రెండు కాళ్ళూ మీ చొక్కా మీద పెడుతుంది. మీరేం చేస్తారు? 'ఏయ్! వద్దు! దిగు!' అంటారు, రెండు చేతుల్తో పట్టుకుని కిందికి నెడతారు. పొద్దుట్నుంచీ ఎదురుచూసిన జీవికి మీ చూపు దొరికింది, మాట దొరికింది, చెయ్యి తగిలింది. మీరు దాన్ని తిట్టాననుకుంటున్నారు. అది జీతం అందిందనుకుంటోంది. జీతం ఆపాలంటే ఏం చెయ్యాలి? ఎగిరినంతసేపు చెట్టులా నిలబడండి, మొహం తిప్పేసుకోండి, మాట్లాడొద్దు. నాలుగు కాళ్ళూ నేల మీద పడిన మరుక్షణం వంగి పలకరించండి. అంతే. కష్టమల్లా ఇంట్లో అందరూ ఒకేలా చెయ్యడం. నాన్న తిప్పుకుంటే బాబు ఎత్తుకుంటాడు. అమ్మ కాదంటే వచ్చిన చుట్టం 'పర్లేదులెండి, నాకు కుక్కలంటే ఇష్టం' అంటాడు. ఆ చుట్టం మీ రెండు వారాల శ్రమని రెండు నిమిషాల్లో పోగొడతాడు. మొహమాటం వద్దు, గుమ్మంలోనే చెప్పండి.

ఇక అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని చూసే చూపు. ఆ చూపుకి కరగనివాళ్ళున్నారా? తాతగారు ఒక ఇడ్లీ ముక్క పడేస్తారు. రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి. 'ఎప్పుడో ఒకసారేగా డాక్టర్' అంటారు నాతో. రోజూ పెట్టడం కంటే ఎప్పుడో ఒకసారి పెట్టడమే గట్టి అలవాటు చేస్తుందని స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పావురాలతో, ఎలుకలతో ఏనాడో చూపించారు. రోజూ దొరికేది ఒక రోజు దొరకకపోతే తొందరగానే ఆశ వదులుకుంటుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియనిది మాత్రం వదలదు. లాటరీ టికెట్లు కొనేవాళ్ళని చూడలేదా?

ఇంకో సంగతి. మీరు జీతం ఆపగానే కుక్క మంచిదైపోదు. మొదట ఇంకా రెచ్చిపోతుంది. ఇదివరకు రెండుసార్లు మొరిగితే బిస్కెట్ వచ్చేది, ఇప్పుడు రాలేదు, మరి ఇరవైసార్లు మొరిగి చూద్దాం అనుకుంటుంది. సరిగ్గా ఇక్కడే అందరూ చేతులెత్తేస్తారు. 'మీరు చెప్పింది చేశాం, ఇంకా ఎక్కువైంది' అని ఫోన్ చేస్తారు. ఎక్కువైందంటే పని చేస్తోందని అర్థం. ఆ ఇరవయ్యోసారికి కరిగి బిస్కెట్ ఇచ్చారో, ఇరవైసార్లు మొరగడం మీరే నేర్పినట్టు.

చీటీల్లో ఎక్కువ వచ్చింది ఇంట్లో పోయడం, కాబట్టి దీని మీద కాస్త ఆగుదాం. మన దగ్గర ఇబ్బందేమిటంటే చాలామంది ఉండేది ఆరో అంతస్తులో, తొమ్మిదో అంతస్తులో. కుక్కపిల్ల ఆపుకోలేదు, లిఫ్ట్ రాదు. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు, మూడు గంటలకి మించి ఆపుకోలేదు. నెలలకి ఒకటి కలుపుకుంటే దాదాపుగా అన్ని గంటలు. అదీ పడుకుని ఉంటేనే. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆట మధ్యలో ఆగి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగ్గానే... ఈ మూడు సమయాల్లో దాన్ని చేతుల్లో ఎత్తుకుని చోటుకి తీసుకెళ్ళాలి. నడిపించి కాదు, ఎత్తుకుని. నడిపిస్తే లిఫ్ట్ ముందే అయిపోతుంది. కిందికి వెళ్ళడం కుదరకపోతే బాల్కనీలో ఒక ట్రేలో పచ్చిక ముక్కో, ఇంత మట్టో పెట్టండి. పేపర్ వేసి అలవాటు చేస్తే తర్వాత మీరు చదివి కింద పెట్టిన పేపరు మీద కూడా పోస్తుంది. తప్పు దానిది కాదు, మీరే అలా నేర్పారు.

పని అయిపోగానే, అక్కడికక్కడే, ఒక చిన్న తిండి ముక్క. ఇంటికొచ్చాక కాదు. ఇంటికొచ్చాక ఇస్తే లిఫ్ట్ దిగినందుకు ఇచ్చారనుకుంటుంది. ఇంకో పొరపాటు చెప్తాను, చాలామంది గమనించరు. పోయగానే వెంటనే ఇంట్లోకి లాక్కొచ్చేస్తారు. మరి కుక్కకి ఏం అర్థమైంది? పోస్తే షికారు అయిపోతుంది! ఇంకేం, అరగంట తిప్పినా పొయ్యదు, ఇంట్లోకొచ్చి పోస్తుంది. అందుకే ముందు పని, తర్వాత షికారు.

ఇంట్లో పోసినప్పుడు ముక్కు అందులో పెట్టి రాయడం ఇంకా ఎంతమంది చేస్తున్నారు? చేతులెత్తక్కర్లేదు. ఇలా చేస్తే 'ఇంట్లో పొయ్యకూడదు' అని నేర్చుకోదు. 'ఈ మనిషి ముందు పొయ్యకూడదు' అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత బయట మీ ముందు పొయ్యదు, లోపల సోఫా వెనకాల పోస్తుంది. తుడవడం గురించి కూడా చెప్పాలి. ఫినాయిల్ వేస్తే మీ ముక్కుకి శుభ్రమవుతుంది, దాని ముక్కుకి కాదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇంకా నయం కాదు, వాటి వాసన మూత్రానికి దగ్గరగా ఉంటుంది. పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి. బాగా అలవాటైన పెద్ద కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తే మాత్రం ట్రైనర్ దగ్గరికి కాదు, మా దగ్గరికి రండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగర్ కావచ్చు, కిడ్నీ కావచ్చు. కుక్కలకీ షుగర్ వస్తుందండీ, ఆశ్చర్యపోకండి.

పిల్ల కొరకడం, చెప్పులు నమలడం... ఇది తొందరగా చెప్పేస్తాను. పాలపళ్ళు 28 ఉంటాయి. మూడో నెలా నాలుగో నెలా మధ్య ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. అన్నాళ్ళూ చిగుళ్ళు సలుపుతాయి, నమలకుండా ఉండలేదు. నమలడం ఆపలేరు, దేన్ని నమలాలో చూపించగలరు. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించిన క్యారెట్, రబ్బరు బొమ్మ, ముడేసిన తాడు. పాత చెప్పు మాత్రం ఇవ్వొద్దు. పాత బాటా చెప్పుకీ కొత్త షూకీ తేడా దానికేం తెలుసు? చెయ్యి కొరికితే ఆట ఆపేసి లేచిపోండి, అర నిమిషం. చెయ్యి విదిలిస్తూ కేకలు పెడితే అది ఇంకా మంచి ఆటనుకుంటుంది.

ఇప్పుడు ఒక కష్టమైన విషయం. మీలో కొందరు ట్రైనర్లని పెట్టుకున్నారు. మంచివాళ్ళున్నారు. కానీ 'మీరే బాస్ అని చూపించాలి సార్, లేకపోతే నెత్తికెక్కుతుంది' అనేవాళ్ళూ ఉన్నారు. ముందు మీరు తిని తర్వాత దానికి పెట్టండి, గుమ్మంలో ముందు మీరు నడవండి, ఎదురు తిరిగితే వెల్లకిలా పడేసి నొక్కి పట్టండి. ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో బాసెల్ జూలో బోనులో ఉన్న తోడేళ్ళని చూసి రాసిన దాన్నుంచి. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని ఒకచోట పెడితే కొట్టుకోవా మరి? 1970లో డేవిడ్ మెక్ అనే తోడేళ్ళ నిపుణుడు తన పుస్తకంలో, గుంపుకో బాస్ ఉంటుందన్న ఆ మాటే రాశారు, అది ప్రపంచమంతా పాకింది. తర్వాత ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో ఏళ్ళ తరబడి అడవి తోడేళ్ళ మధ్య గడిపి, 1999లో తేల్చి చెప్పారు. అడవిలో తోడేళ్ళ గుంపంటే బాసూ కింది ఉద్యోగులూ కాదు, అమ్మానాన్నా, పిల్లలూ. అంతే, ఒక కుటుంబం. పైగా మన కుక్క తోడేలు కూడా కాదు. మనిషి పడేసిన తిండి చుట్టూ వేల ఏళ్ళు బతికిన జంతువు. అందుకే బాస్ కథలు చెప్పే ట్రైనర్‌కి మీ డబ్బు పోయకండి.

ట్రైనర్‌ని ఏం అడగాలి? మూడు అడగండి. కుక్క సరిగ్గా చేస్తే ఏం జరుగుతుంది? చెయ్యకపోతే ఏం జరుగుతుంది? నేర్పేటప్పుడు నేను పక్కన ఉండొచ్చా? రెండో ప్రశ్నకి గొలుసు బిగించడం, ముళ్ళ బెల్టు, కరెంటు బెల్టు అన్న జవాబు వస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. కరెంటు బెల్టుల్ని వేల్స్ దేశంలో 2010లోనే నిషేధించారు. మూడో ప్రశ్నకి 'వద్దు సార్, నెల రోజులు మా దగ్గర వదిలెయ్యండి, తయారుచేసి పంపిస్తాం' అన్నా వచ్చెయ్యండి. అక్కడ ఆ మనిషి మాట వినడం నేర్చుకుంటుంది. మీ ఇంట్లో, మీ హాల్లో, మీ మాట వినడం ఎవరు నేర్పాలి?

మాట అంటే గుర్తొచ్చింది. నాన్నగారు 'సిట్' అంటారు, నానమ్మగారు 'కూచోవే తల్లీ' అంటారు, పాప 'సిట్ డౌన్ సిట్ డౌన్ సిట్ డౌన్' అని పదిసార్లు అంటుంది. ఏ భాషైనా పర్లేదు, ఇంటిల్లిపాదికీ ఒకటే మాట ఉండాలి, ఒక్కసారే అనాలి. పదిసార్లంటే పదోసారికి కూర్చుంటే చాలని నేర్చుకుంటుంది. నేర్పేటప్పుడు చేతిలో ఏముండాలి? ఉడికించిన చికెన్‌ని శనగగింజంత ముక్కలు చెయ్యండి. శాకాహారులైతే పనీర్, క్యారెట్, దోసకాయ. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు, అవి విషం. కిస్‌మిస్ గురించి ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే మనిళ్ళలో ప్రసాదంగా పెట్టేస్తారు. ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు, రోజుకి రెండు మూడుసార్లు. గంటసేపు క్లాసు పీకితే మీకూ విసుగే, దానికీ విసుగే.

సరే, ఇంతవరకు జీతం గురించి మాట్లాడాం. ఇప్పుడు జీతంతో లెక్క తేలని సంగతి ఒకటి ఉంది. అదే భయం. దయచేసి ఈ రెండిటినీ కలపకండి. బిస్కెట్ కోసం మొరిగే కుక్కకి జీతం ఆపితే మానేస్తుంది. భయంతో మొరిగే కుక్కని పట్టించుకోకపోతే మానదు. తిడితే అసలు మానదు. దాని భయం తగ్గితేనే మానుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు.

ఎలా గుర్తుపట్టాలి? ఒంటిని చూడండి. నోరు మూసుకుని పదేపదే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల పక్కకి తిప్పుకుని కంటిచివర తెల్లగుడ్డుతో చూడటం, తోక కాళ్ళ మధ్యకి పోవడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. తోక ఊపితే సంతోషమే అనుకోకండి. ఒళ్ళంతా వదులుగా ఊగుతూ తోక ఊపితే సంతోషం. ఒళ్ళు కట్టెలా ఉండి తోక మాత్రం పైకి నిలబడి గబగబా ఊగుతుంటే పిల్లల్ని దూరం తీసుకెళ్ళండి.

మొరిగే కుక్క కరవదని సామెత చెప్తారు కదా? నా చేతి మీద మచ్చలు చూస్తే ఆ సామెత ఎవరూ చెప్పరు. గుర్రుమంటోందంటే 'నాకు ఇబ్బందిగా ఉంది, దూరం జరుగు' అని చెప్తోంది. మీరు గుర్రుమన్నందుకు కొడితే ఏమవుతుంది? ఇబ్బంది పోదు, గుర్రుమనడం పోతుంది. 'ఏ సూచనా లేకుండా హఠాత్తుగా కరిచింది డాక్టర్' అని నా దగ్గరికి వస్తారు. సూచనలు ఇవ్వద్దని కొట్టి నేర్పింది ఎవరు? గుర్రుమంటే ఆగండి, వెనక్కి జరగండి, దేనికి గుర్రుమందో రాసిపెట్టుకోండి. గిన్నె దగ్గర గుర్రుమంటే గిన్నె లాక్కుని మీ దమ్ము చూపించొద్దు. దూరం నుంచే దాని గిన్నెలో ఒక చికెన్ ముక్క విసిరి వెళ్ళిపోండి. రోజూ అలా చెయ్యండి. కొన్నాళ్ళకి మీరు దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుందని తెలుస్తుంది. నోట్లో ఉన్న వస్తువు కావాలంటే లాగొద్దు, ఇంకా మంచిది చూపించి మార్చుకోండి. పిల్లలున్న ఇళ్ళకి మరీ మరీ చెప్తున్నా. తింటున్న కుక్క దగ్గరికి, పడుకున్న కుక్క దగ్గరికి పిల్లల్ని పంపొద్దు. మెడ చుట్టూ చేతులేసి ఫోటోలు తియ్యొద్దు. కౌగిలింత మనకి ప్రేమ, చాలా కుక్కలకి ఉచ్చు.

ఎప్పుడూ శాంతంగా ఉండే కుక్క కొత్తగా కరవడానికి వస్తోందంటే మొదట నొప్పి ఉందేమో చూడాలి. చెవిలో ఇన్ఫెక్షన్, పుచ్చిన పన్ను, తుంటి కీళ్ళ నొప్పి. లాబ్రడార్లకీ, జర్మన్ షెపర్డ్‌లకీ తుంటి జబ్బు ఎక్కువ. నొప్పి ఉన్నచోట చెయ్యి వేస్తే ఎవరైనా కసురుకుంటారు.

ఎవరినైనా కరిస్తే గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏమీ పెట్టొద్దు. కడిగాక ఆ రోజే డాక్టర్ దగ్గరికి. 'మా కుక్కకి ఇంజెక్షన్లు అయ్యాయి' అని ఇంట్లోనే ఆగిపోవద్దు, ఆ మాట డాక్టర్ చెప్పాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. మీ కుక్కకి మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన బూస్టరు, ఆపైన ఏటేటా. ఇందులో బేరం లేదు.

భయం మొదలయ్యేది చాలాసార్లు చిన్నతనంలోనే. స్కాట్, ఫుల్లర్ అని ఇద్దరు అమెరికాలో బార్ హార్బర్‌లో ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఏం చూస్తే, ఏం వింటే, ఎవరి చేతుల్లో తిరిగితే అదే దానికి మామూలు ప్రపంచం. ఆ తర్వాత చూసింది ఏదైనా కొత్తే, అనుమానమే. ఇప్పుడు మీరడుగుతారు, టీకాలు పూర్తయ్యేది పదహారో వారానికి కదా, అప్పటిదాకా బయటికి తీసుకెళ్ళొద్దని మీరే చెప్తారు కదా అని. నిజమే, మన దగ్గర పార్వో అనే వైరస్ జబ్బు చాలా ఎక్కువ. దానికి దారి, ఎత్తుకుని తిప్పడం. నేల మీద దింపొద్దు. గేటు దగ్గర కూర్చోబెట్టుకుని స్కూలు బస్సు, చెత్త బండి, వాచ్‌మన్ విజిల్, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, గొడుగు, చేతికర్ర ఉన్న పెద్దాయన... అన్నీ చూపించండి, ఒక్కోదానికి ఒక్కో ముక్క పెట్టండి. రెండు నెలలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నిబంధనలు ఉన్నాయి. నెల రోజుల పిల్లని డబ్బాలో పెట్టి అమ్మేవాడి దగ్గర కొనకండి. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకునే రోజులవి.

ఇక ఒంటరితనం. మంచం మీద పోసినవాడి సంగతికి వస్తానన్నాను కదా. కోవిడ్ రోజుల్లో కుక్కల్ని తెచ్చుకున్నవాళ్ళు చాలామంది. రెండేళ్ళు వర్క్ ఫ్రమ్ హోమ్, ఇరవై నాలుగ్గంటలూ మనుషులే. ఒకరోజు ఆఫీసు పిలిచింది, తలుపు మూసుకుంది. అది ఊళపెడుతుంది, పక్క ఫ్లాట్‌వాళ్ళు వాట్సాప్ గ్రూపులో పెడతారు, మీరు ఇంటికొచ్చి తిడతారు. ముందు ఒక పాత ఫోన్ పెట్టి వీడియో తియ్యండి. మీరు వెళ్ళిన పావుగంటలోపే చొంగ కార్చడం, తలుపు గీకడం, తిరగడం కనిపిస్తే అది అల్లరి కాదు, భయం. సాయంత్రం విసుగెత్తి దిండు చింపితే అది వేరు, దానికి పొద్దున ఇంకాస్త నడక, వాసన చూస్తూ తిరిగే తీరిక కావాలి.

భయమైతే నెమ్మదిగా వెళ్ళాలి. తాళంచెవులు తియ్యండి, సోఫాలో కూర్చోండి. లాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకోండి, వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకోండి. షూ వేసుకుని టీవీ చూడండి. తాళంచెవి చప్పుడుకీ మీరు వెళ్ళిపోవడానికీ ఉన్న ముడి విప్పాలి. తర్వాత తలుపు బయట పది సెకన్లు, అర నిమిషం, రెండు నిమిషాలు. అది కంగారుపడక ముందే రావాలి. దీనికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో దాన్ని రోజంతా ఒంటరిగా వదలకూడదు. అమ్మమ్మ ఇల్లో, తెలిసినవాళ్ళో, డే కేరో చూసుకోవాలి. తీవ్రంగా ఉంటే మందులున్నాయి. మందు అనగానే సిగ్గుపడతారెందుకో. బీపీకి మాత్ర వేసుకోవడం లేదా?

దీపావళి గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే ఏటా ఆ మర్నాడు తప్పిపోయిన కుక్కల ఫోటోలే గ్రూపుల్లో. మనకి వినిపించేది 20 వేల హెర్ట్జ్ దాకా, దానికి సుమారు 45 వేల దాకా. లక్ష్మీబాంబు మనకే గుండె అదిరితే దానికెలా ఉంటుంది? అలవాటు చెయ్యాలంటే వినాయక చవితి నాటికే మొదలుపెట్టండి. యూట్యూబ్‌లో టపాకాయల శబ్దం వినీవినపడనంత చిన్నగా పెట్టి, అదే సమయంలో దానికి ఇష్టమైంది తినిపించండి. చెవులు రిక్కించి తినడం ఆపిందంటే శబ్దం ఎక్కువైనట్టే, తగ్గించండి. పండగ రోజు వెలుతురుండగానే బయటికి తీసుకెళ్ళి తెచ్చెయ్యండి. లోపలి గదిలో కర్టెన్లు వేసి ఫ్యానూ టీవీ పెట్టండి. బెల్టుకి మీ ఫోన్ నంబరున్న బిళ్ళ తగిలించండి. మంచం కింద దూరితే లాగొద్దు. మీ ఒళ్ళోకి వస్తే హాయిగా పెట్టుకోండి. 'ఓదారిస్తే భయం ఎక్కువవుతుంది' అనేది తప్పు. జీతం ఇస్తే పని పెరుగుతుంది, భయం పెరగదు. ఎవరూ లాలింపు కోసం కావాలని భయపడరు. మందు కావాలంటే పండగకి రెండు వారాల ముందు రండి, ఇంట్లో ఒకసారి వేసి చూసుకోవాలి. పండగ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి 'మావారి నిద్రమాత్ర సగం వెయ్యొచ్చా' అని అడగొద్దు. కొన్ని మందులు ఒళ్ళుని మాత్రమే పడుకోబెడతాయి, లోపల భయం అలాగే ఉంటుంది. అది ఇంకా ఘోరం.

ఈడ్చుకుపోవడం ఒక్క నిమిషంలో చెప్తాను. లాగితే ముందుకెళ్తోంది, అదే జీతం. తాడు బిగిసిన ప్రతిసారీ ఆగిపోండి, వదులైతేనే కదలండి. మొదటి వారం గేటు దాకా వెళ్ళడానికే అరగంట పడుతుంది, పర్లేదు. మెడకి కాకుండా ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్, అంటే ఒంటికి తొడిగే పట్టీ, వాడండి. మే నెలలో పొద్దున ఆరింటికే వెళ్ళొచ్చెయ్యండి. మీ అరచెయ్యి రోడ్డు మీద ఐదారు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదం కూడా పెట్టలేదు. హస్కీని కొన్నవాళ్ళు ఇద్దరు చీటీలు రాశారు, రోజంతా అరుస్తుందని. మంచులో బళ్ళు లాగే జాతి అండీ అది, దాన్ని టూ బీహెచ్‌కేలో ఏసీ కింద కూర్చోబెడితే అరవక ఏం చేస్తుంది? మన కొల్లేరు వైపు జోనంగి జాగిలాలున్నాయి, పొట్టి బొచ్చు, మన ఎండకి పుట్టినవి, పెద్దగా మొరగవు కూడా. అయితే గోతులు తవ్వుతాయి, పరుగు కావాలి. అవీ ఫ్లాట్‌కి కాదు, పెరడున్నవాళ్ళు ఆలోచించండి.

ఇక్కడ సెక్రటరీగారు చెయ్యెత్తుతున్నారు. మైకు అవసరం లేదు, వినపడుతోంది. కుక్కల్ని లిఫ్ట్‌లోకి రానివ్వకూడదని తీర్మానం చెయ్యొచ్చా అనడుగుతున్నారు. సార్, జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు దానికి ఒప్పుకోవు, కుక్కల్ని పెంచుకోవద్దని కూడా అపార్ట్‌మెంట్ సంఘం అనడానికి వీల్లేదు. కానీ కుక్కలున్నవాళ్ళకి నా మాట. లిఫ్ట్‌లో ఎవరైనా భయపడేవాళ్ళుంటే తర్వాతి లిఫ్ట్‌కి వెళ్ళండి. తాడు పొట్టిగా పట్టుకుని, కుక్కని గోడవైపు, మీరు మనుషులవైపు నిలబడండి. జేబులో కవరు లేకుండా కిందికి దిగొద్దు. మున్సిపాలిటీ లైసెన్సు తీసుకుని టీకా కాగితం ఒక కాపీ ఆఫీసులో ఇచ్చెయ్యండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఇంకో ప్రశ్న, వెనకాల అమ్మగారు. ఎనిమిదేళ్ళ కుక్కకి ఇప్పుడు నేర్పితే వస్తుందా అని. వస్తుందమ్మా. పిల్లకంటే పెద్దదే నిలకడగా వింటుంది. అయితే మీరు చెప్పినదాని ప్రకారం కాలింగ్ బెల్లుకి ఎనిమిదేళ్ళుగా మొరుగుతోంది, మొరిగిన ప్రతిసారీ ఆ వచ్చినవాడు కొరియరు ఇచ్చి వెళ్ళిపోయాడు. దాని లెక్కలో అదే తరిమేసింది. ఎనిమిదేళ్ళ జీతం అది, వారంలో పోదు. గుమ్మానికి దూరంగా ఒక చాప వెయ్యండి. ముందు బెల్లు లేకుండానే చాప మీదకి వెళ్తే ముక్క పెట్టండి. అది బాగా వచ్చాక మీవాళ్ళనే బయట నిలబెట్టి బెల్లు కొట్టించండి, బెల్లు మోగితే చాప మీద తిండి దొరుకుతుందని నేర్పండి. బెల్లు ట్యూన్ మార్చేస్తే ఇంకా సులువు, పాత ట్యూన్‌కి ఉన్న అలవాటు కొత్తదానికి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని రేపే పిలిపించండి.